పత్తిచేను అవతలి నుంచి తీసిన పటం

మా ఫోటోగ్రాఫర్లలో టెలికన్వర్టర్ పేరెత్తితే సగంమంది నవ్వుతారు, అందులోనూ నాలాగా మనుషుల ముఖాలు తీసి బతికేవాడు ఎత్తితే. కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే చిన్న గాజుల గొట్టం అది. రెండు వందల లెన్సును నాలుగు వందలు చేసిపెడుతుంది, అందుకే మాలో కొందరం డబ్లర్ అంటాం. చేసిపెట్టినందుకు కిరాయి కూడా గట్టిగానే వసూలు చేస్తుంది. వెలుతురులో మూడొంతులు తనే మింగేస్తుంది, వెంట్రుకల అంచులు మెత్తబడతాయి, పొద్దు వాలిందంటే ఫోకస్ ఒకచోట నిలవదు. పిట్టలకూ క్రికెట్‌కూ పెట్టుకునేదాన్ని పోర్ట్రెయిట్‌కు పెడతావేంటయ్యా, ఎనభై అయిదు లెన్సు కొనుక్కోలేవా అని ఖమ్మంలో ఒక పెద్దాయన నలుగురిలో నా పరువు తీశాడు. కొనుక్కున్నాను. బీరువాలో ఉంది.

ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు వేరు, నా దగ్గరికి వచ్చేవాళ్ళు వేరు. నా స్టూడియో భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యేచోట ఉన్న ఊళ్ళో ఉంది. తండాల నుంచి, గూడేల నుంచి, మిర్చీ పత్తీ పండించే ఊళ్ళ నుంచి వస్తారు. బస్సులో నవ్వుకుంటూ, పోట్లాడుకుంటూ వచ్చిన మనిషి కెమెరా ముందు స్టూలు మీద కూర్చోగానే దొంగతనం చేసి దొరికినట్టు బిగుసుకుపోతాడు. గడ్డం పైకెత్తు, కిందికి దించు, కొంచెం నవ్వు అని నేను అరిచేకొద్దీ ఇంకా బిగుసుకుంటాడు. విసుగొచ్చి ఒకనాడు ఒక పెద్దావిడను బయట వేపచెట్టు నీడన కూర్చోబెట్టి, నువ్వు మీవాళ్ళతో ముచ్చట పెట్టుకుంటూ ఉండమ్మా అని చెప్పి, డబ్లర్ బిగించుకుని రోడ్డు అవతలికి పోయి తీశాను. కాసేపటికి ఆవిడ నన్ను మరచిపోయింది. ఆవిడ ముఖం ఆవిడకు తిరిగి వచ్చేసింది.

దూరంలో ఇంకో మేలుంది. దగ్గరికి పోయి తీస్తే ముక్కు ముందుకు సాగుతుంది, చెవులు వెనక్కి పోతాయి. దూరం నుంచి తీస్తే ముఖం మన మనసులో ఉన్నట్టే వస్తుంది. అప్పటినుంచి ఎవరేమన్నా నా పద్ధతి అదే. ఫోటో కొంచెం మెత్తగా వస్తే రానీ, మనిషి వస్తే చాలు.

ఇంకో పని కూడా చేస్తాను, దాన్ని బోర్డు మీద రాయలేదు. మా వైపు స్టూడియో అంటే పటాలు కట్టే దుకాణం కూడా. మనిషి పోయిన రెండు మూడు రోజులకు ఇంట్లోవాళ్ళు వస్తారు. దినం నాటికి పటం కావాలి, ఫ్లెక్సీ కావాలి. ఫోటో ఏదమ్మా అంటే ఆధార్ కార్డు తీస్తారు. లేదంటే ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూపు ఫోటో, అందులో వెనక వరసలో సగం కనపడుతున్న ముఖం. ఆ ముఖాన్ని పక్కవాళ్ళ భుజం దగ్గర కత్తిరించి, లేని చెవిని అతికించి, ఎవరిదో చీర తొడిగి, వెనక నీలం రంగు పోస్తాను. పని నీటుగా చేస్తానని పేరుంది. ఇంటివాళ్ళు దాన్ని చూసి ఏడుస్తారు కూడా. నేను మాత్రం ఆ పటాల వంక ఎక్కువసేపు చూడను. వాటిలో మనిషి ఉండడు.

ఈ పని వల్లనే కాబోలు మా దగ్గర ఒక పట్టింపు ఉంది. మంచం పట్టినవాళ్ళ ఇంటికి కెమెరా పట్టుకుని పోరు. ఫోటోకు కూర్చోమని అడిగామంటే, నీ పటానికి ఏర్పాట్లు చేస్తున్నామని మొహం మీద చెప్పినట్టే. బాగున్నప్పుడు ఎన్ని సెల్ఫీలైనా దిగుతారు. జబ్బు పేరు బయటపడిందా, ఆ ఇంట్లో ఫోన్లు కూడా జేబుల్లోకి పోతాయి.

మా అక్కకు కడుపులో గడ్డ ఉందని తెలిసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ముందు గుర్తొచ్చింది ఆమెది సరైన ఫోటో ఒక్కటీ లేదని. ఏం బుద్ధిరా ఇది అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ గుర్తొచ్చిన మాట పోలేదు.

అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. మా వాళ్ళు మిర్చి వేసుకోవడానికి కృష్ణా వైపు నుంచి ఇటొచ్చినవాళ్ళు. అమ్మ పొద్దంతా చేలోనే ఉండేది కాబట్టి నన్ను చంకన వేసుకుని తిప్పింది అక్కే. అమ్మానాన్నల మాటతీరు ఆ వైపుదే ఉండిపోయింది, అక్కా నేనూ మాత్రం ఇక్కడి మాటే నేర్చుకున్నాం. అక్కను ఇచ్చింది కూడా ఇక్కడే, జూలూరుపాడు అవతల ఒక ఊళ్ళో. ఇంటి వెనక చేను, చేను వెనక అడవి. పిల్లలు లేరు. బావ మాటలు తక్కువ మనిషి, అక్క ఆ లోటు లేకుండా ఇద్దరి తరఫునా తనే మాట్లాడేది. ఆమె పెళ్ళి ఆల్బమ్‌ను చెదలు తినేశాయి. ఆ తర్వాత ఏ ఫంక్షన్ ఫోటోలో చూసినా ఆమె వెనక వరసలోనే, చంకలో ఎవరి పిల్లో. నేను కెమెరా పట్టిన కొత్తలో తియ్యబోతే, "నా మొఖం ఫోటోలకు రాదు, పోరా" అని కొంగు అడ్డం పెట్టుకునేది. ఆధార్‌లో ఉన్న మనిషి మా అక్కేనని ఒట్టేసి చెప్పినా ఎవరూ నమ్మరు.

ఖమ్మంలో చూపించాం, హైదరాబాద్ తీసుకుపోయాం. చివరికి అక్కడి డాక్టరు నన్నూ బావనూ పక్కకు పిలిచి, ఇంటికి తీసుకెళ్ళండి, ఆమెకు ఇష్టమైంది పెట్టండి అన్నాడు. బావ అదేదో మంచి మాట అనుకుని "అన్నం పెట్టొచ్చునా సారూ" అని అడిగాడు. పెట్టొచ్చు అన్నాడు డాక్టరు, కొంచెం ఆగి. దవాఖానా మెట్లు దిగేటప్పుడు బావకు అర్థమైంది. రెయిలింగు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. అక్కకు మాత్రం గడ్డ కరగడానికి మందులిచ్చారని చెప్పాం.

ఆమెను ఇంటికి తెచ్చిన వారంలోనే జూలూరుపాడులో నాకొక పెళ్ళి పని ఉండింది. అది ముగించుకుని అటునుంచి అటే అక్కను చూడటానికి పోయాను, భుజాన కెమెరా బ్యాగు ఉన్న సంగతే మరచిపోయి. మంచం మీద పడుకున్న అక్క నా ముఖం వంక కాకుండా బ్యాగు వంక చూసింది.

"ఏంది తమ్ముడూ, అప్పుడేనా?" అంది.

"ఏం అప్పుడే? పెళ్ళి కాడికెళ్ళి వస్తున్న. బండి మీద వదిలేస్తే ఎవడన్న ఎత్కపోతడని లోపలికి తెచ్చిన."

"అవ్ మరి, ఎత్కపోతరు" అని నవ్వింది. "తిన్నవా?"

తిన్నానని చెప్పాను. మళ్ళీ ఆ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బ్యాగుతో ఆ గడప మళ్ళీ తొక్కలేదు.

కానీ రేపు ఆమె పటం నా చేతి మీదుగానే పోవాలి. నేను కాక ఇంకెవరు కడతారు? మా అక్కను కూడా ఎవరి భుజం పక్కనుంచో కత్తిరించి, లేని చెవి అతికించి, నీలం రంగు పొయ్యాలా? ఆ ఆలోచన వస్తే అన్నం దిగేది కాదు. ఆమె ముఖం ఆమెదిగా ఉన్న ఫోటో ఒక్కటి కావాలి నాకు. అది ఆమె ఉండగానే తియ్యాలి, ఆమెకు తెలియకుండా తియ్యాలి.

అక్క ఇంటి వెనక మిర్చి కల్లం. ఆ ఏడు పంట బాగానే వచ్చింది, కల్లమంతా ఎర్రగా ఆరబోసి ఉంది. కల్లం దాటితే ఒక మడి పత్తిచేను. ఏరడం ఎప్పుడో అయిపోయినా కట్టె పీకించలేదు, పీకించే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మనిషెత్తు ఎండు కట్టె. దాని అవతల మోటర్ కొట్టం, ఒక ఇప్పచెట్టు, ఆపైన ఆకు రాల్చిన టేకు అడవి. కొట్టం పక్కన కింద కూర్చుంటే పత్తికట్టె సందుల్లోంచి అక్క ఇంటి పెరడు కనపడుతుంది. పిలిస్తే వినపడే దూరమే, మామూలుగా మాట్లాడితే వినపడదు. డబ్లర్‌కు సరిగ్గా సరిపోతుంది, తర్వాత కంప్యూటర్లో కొంచెం కత్తిరించుకుంటే చాలు.

బండిని డొంకలో ఆపి, గట్ల మీదుగా నడిచి అక్కడికి చేరాను మొదటి సాయంత్రం. అక్క బయటికి వస్తుందన్న నమ్మకమేమీ లేదు, రాలేదు కూడా. మోటర్ బంద్ చెయ్యడానికి వచ్చిన బావ మాత్రం నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. కెమెరా చూపించి నోటి మీద వేలు పెట్టుకున్నాను. బావ నన్నూ, కెమెరానూ, ఇంటి వైపూ చూశాడు. అర్థమైనట్టు తలూపి వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను పోయేసరికి అక్క పెరట్లో కూర్చుని ఉంది. నవారు మంచం కల్లం దాటించి చేను వైపు అంచుకు జరిపి ఉంది, వెనక దిండ్లు, ఒంటి మీద పసుపుపచ్చ చీర. కెమెరా కంటికి ఆనించాను. ఎన్నాళ్ళ తర్వాతో అక్క ముఖం అంత దగ్గరగా చూశాను. మంచం పక్కన కూర్చున్నప్పుడు అంతసేపు చూడలేం. ఆమె చూస్తుంటే మనం చూపు తిప్పుకుంటాం, మాత్రలు వేసుకున్నావా, నీళ్ళు కావాలా అని ఏదో ఒకటి అడుగుతాం. ఇక్కడ ఆ బాధ లేదు. కంటి కింద నల్లదనం, మెడ దగ్గర పొడుచుకొచ్చిన ఎముక, పాపిట్లో కొత్తగా వచ్చిన తెలుపు అన్నీ నా కంటిలోకే వచ్చాయి. కెమెరా ఆమె కన్ను వెతుక్కుని చిన్న చదరం వేసింది. ఆ చదరం కదిలి కదిలి ఆగేసరికి నా కళ్ళు మసకబారాయి. ఆ రోజు తీసినవి ఒక్కటీ పనికిరాలేదు.

ఆ తర్వాత పెళ్ళి పనులు లేని ప్రతి సాయంత్రం పోయాను. నేను పోయేసరికి ఆమె కూర్చునే ఉండేది. ఒకరోజు నీలం చీర, ఒకరోజు చిలకాకుపచ్చ. జడ బిగించి అల్లుకునేది, బొట్టు పెద్దదిగా పెట్టుకునేది, ఒకనాడైతే పౌడరు కూడా రాసుకుంది. ఇంటికొచ్చి ఫోటోలు పెద్దవి చేసి చూసుకుంటూ నేను ఏమనుకున్నానంటే, అక్క కోలుకుంటోంది అనుకున్నాను. మంచం దిగలేని మనిషి బయటికొచ్చి కూర్చుంటోంది, చీరలు మారుస్తోంది, డాక్టర్లకేం తెలుసు అనుకున్నాను. సత్తుపల్లిలో ఉన్న మా చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పాను కూడా. ఆమె రాములవారికి మొక్కుకుంది.

తీయడం అయ్యాక బండి మీద చుట్టూ తిరిగి, ముందు వాకిట్లోంచి అప్పుడే వచ్చినట్టు వచ్చేవాణ్ణి. అప్పటికి అక్క లోపల పడుకుని ఉండేది. దోమలకు లోపలికి వచ్చేసిందనుకునేవాణ్ణి. అలసిపోయి కళ్ళు సగం మూసుకుని ఉండేది. నేను పక్కన కూర్చోగానే చెయ్యి నా మోకాలి మీద వేసి, "ఏమంటవ్ తమ్ముడూ?" అనేది.

"ఏమంట అక్కా, మంచిగనే ఉన్నవ్. జల్దీ లేచి తిరుగుతవ్" అనేవాణ్ణి.

నా వంక కాసేపు చూసేది. "అవునా" అని కళ్ళు మూసుకునేది. రోజూ ఇదే అడిగేది, రోజూ నేను ఇదే చెప్పేవాణ్ణి.

ఒకరోజు ఎండ ఇంకా చుర్రుమంటుండగానే ఆమె బయట కూర్చుని ఉంది. నుదుటి మీద చెమట లెన్సులో కనపడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి వచ్చాక బావను వాకిట్లోకి పిలిచి కోప్పడ్డాను.

"పొద్దు వాలకముందే బయట కూసోబెడుతవేంది బావా, గింత కూడా ఆలోచన లేదా?"

"ఆమెనే అన్నది బామ్మర్ది. లోపల ఉక్కపోస్తుందంట" అన్నాడు బావ. పోయి మిరపకాయలు తిరగబొయ్యడం మొదలుపెట్టాడు.

ఫోటోలు ఒకటొకటే బాగుపడసాగాయి. ఆమె ముఖం పత్తిచేను వైపే తిరిగి ఉండేది, అడవి మీద వాలే పొద్దు నేరుగా పడేది, వెనక ఆరబోసిన మిర్చి ఎర్రటి పొగలా కరిగిపోయేది. ఒక్క ఇబ్బంది ఉండేది. ఆమె పెదాలు ఆగేవి కావు. కాసేపు నిశ్చలంగా కూర్చునేది, మళ్ళీ గొణగడం మొదలయ్యేది. నొప్పికి ఏదో అనుకుంటోందనుకున్నాను, దేవుడి పేరేమోననుకున్నాను, మంచం కింద తిరిగే కోళ్ళతో మాట్లాడుతోందనుకున్నాను. నొప్పితో ఉన్న మనిషి గొణుక్కుంటుంటే చూడటం మర్యాద కాదనిపించి, ఆ కాసేపూ కెమెరా మీది నుంచి కన్ను తీసేసి నేల చూసేవాణ్ణి. పెదాలు ఆగాక మళ్ళీ ఆనించేవాణ్ణి. వరసగా తీసేటప్పుడు నోరు తెరిచి ఉన్నవి కొన్ని ఎలాగూ పడతాయి. మూసిన కన్ను, తెరిచిన నోరు, మా పనిలో ఇవి రెండూ చెత్త. అక్కడికక్కడే కొట్టం పక్కన కూర్చుని డిలీట్ చేసేవాణ్ణి, కార్డు నిండిపోతుందని.

ఒక సాయంత్రం కావలసింది వచ్చింది. బూడిదరంగు చీర, చెవి దగ్గర ఒక తెల్ల వెంట్రుక ఎగురుతోంది, పెదాలు మూసి ఉన్నాయి. చూపు నేరుగా లెన్సులోకే. దూరంగా అడవిని చూస్తోందనుకున్నాను. నవ్వు లేదు, ఏడుపు లేదు, చిన్నప్పుడు నేను దెబ్బ తగిలించుకుని వస్తే కట్టు కట్టేముందు ఒక చూపు చూసేది, అదే చూపు. ఇక ఇది చాలనుకున్నాను.

ఆ మర్నాడు పోలేదు. తర్వాతి రోజు బూర్గంపాడులో పెళ్ళి, అక్కడే ఉండిపోయాను. ఆ పెళ్ళిలో ఉండగానే పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. మాట్లాడలేదు. ఫోన్లో ఆయన ఏడుపు విని పెళ్ళివాళ్ళకు కెమెరా అప్పజెప్పి బయల్దేరాను.

పటం నేనే కట్టాను. ఏ రంగూ పొయ్యలేదు, ఏదీ అతికించలేదు. వెంట్రుకను కూడా అలాగే వదిలేశాను. దినం నాడు తీసుకుపోయి కుర్చీలో పెడితే వచ్చినవాళ్ళందరూ నిలబడి చూశారు. భోజనాలై అందరూ పోయాక బావ నన్ను కల్లం దగ్గరికి తీసుకుపోయాడు. మిర్చి అమ్మేశారు, కల్లం ఖాళీగా ఉంది. ఆ నవారు మంచం మీదే కూర్చున్నాం.

"బామ్మర్ది, ఒక మాట చెప్పాలె. నువ్వు కొట్టం కాడ ఉండేది ఆమెకు తెలుసు" అన్నాడు బావ.

నేను ఆయన వైపు తిరిగాను.

"మొదటినాడే చెప్పిన. ఆమె కాడ దాసుడు నాతోని కాదు, నీకెరికే గదా. ఏడుస్తదనుకున్న. ఏడ్వలేదు. రేపటిసంది నన్ను బయట కూసోబెట్టు అన్నది. లేవనియ్యకపోతుండె ఆ నొప్పి. పొద్దటి గోలీ వేసుకోకుండ దాసుకునేది, గా యాళకు పనికొస్తదని. ఎత్కొచ్చి కూసోబెట్టి దిండ్లు పెట్టేటోణ్ణి. సీకటి పడితే వాని ఫోటో రాదట, జల్దీ కానియ్ అని నన్ను తిట్టేది. నువ్వు బండి కాడికి పోంగనే మళ్ళ ఎత్కపోయి పండబెడుతుంటి."

ఎండలో ఎందుకు కూర్చోబెట్టావని నేను కోప్పడ్డ రోజు గుర్తొచ్చింది. బావ దాని ఊసు ఎత్తలేదు.

"తమ్ముణ్ణి పిలుస్త, దగ్గర కూసొని తీసుకుంటడు అన్న. వద్దన్నది. దగ్గరికొస్తే వాడు ఏడుస్తడు, నేనేడుస్త, ఇంక ఫోటో ఏం వస్తది అన్నది. దూరంల ఉంటేనే నా మొఖం నిమ్మళంగ ఉంటది, గాడనే ఉండనియ్ అన్నది."

పత్తికట్టె అలాగే ఉంది. దాని సందుల్లోంచి మోటర్ కొట్టం తెల్లగోడ స్పష్టంగా కనపడుతోంది, ఇప్పచెట్టు కింద రాలిన పువ్వు కూడా కనపడుతోంది. అక్కడ కూర్చున్న మనిషి కనపడకపోవడమేమిటి?

బావ చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూస్తూ అడిగాడు. "నిన్నొకటి అడగాల్ననుకున్న. రోజు గంతసేపు నీతోని మాట్లాడేది గదా. అంతా ఇనపడ్డదా?"

"నాతోనా?"

"మరి ఎవరితోని? నేను దిండ్లు పెట్టంగనే, నువ్వు లోపలికి పో, తమ్మునితోని మాట్లాడుకోవాలె అనేది. నేనన్న, గంత దూరం ఎట్ల ఇనపడ్తదే అని. మొఖం గంత దగ్గరికి గుంజే మిషనుకు మాట ఇనపడదా, నీకేం తెలువదు పో అన్నది. నేను గూడ నిజమే కావచ్చు అనుకున్న."

సాయంత్రాలన్నీ నా మోకాలి మీద చెయ్యి వేసి ఏమంటవ్ తమ్ముడూ అని అడిగింది. తను చెప్పినదానికి జవాబు అడిగింది. మంచిగనే ఉన్నవ్, జల్దీ లేచి తిరుగుతవ్ అని చెప్పాను నేను. ఆమె ఏం అడిగిందో, ఏం అప్పగించిందో, దేనికి నేను అవునో కాదో అనాలో తెలియదు, ఆమె నోరు తెరిచినప్పుడల్లా నేను నేల చూస్తూ కూర్చున్నాను. గాజులు ఎన్ని బిగించుకున్నా అక్క మాట ఒక్కటీ నా చెవిన పడలేదు.

బావ తలెత్తాడు. ఇన్నేళ్ళలో ఆయన ముఖం అంత బిక్కుబిక్కుమంటూ ఉండటం నేను చూడలేదు.

"నా గురించి ఏమన్న అన్నదా?" అన్నాడు.

లోపలికి పొమ్మంటే పోయిన మనిషి. ఎత్తుకొచ్చి కూర్చోబెట్టి, మళ్ళీ ఎత్తుకుపోయిన మనిషి. ఆమె చివరి మాటలు నా దగ్గర భద్రంగా ఉన్నాయని ఇన్ని రోజులూ ఓపిక పట్టిన మనిషి. ఏమీ వినపడలేదని చెబితే ఆ మాటలన్నీ ఆ కల్లం మీదే గాలికి పోయినట్టవుతుంది.

"అవ్ బావా, అన్నది" అన్నాను. "నీ గురించే ఎక్కువ చెప్పింది. ఆయన ఎవరినీ ఏమీ అడగడు, ఆకలైనా చెప్పడు, నువ్వే కనుక్కోవాలె అన్నది."

బావ కండువాతో ముఖం మూసుకున్నాడు. చాలాసేపు భుజాలు కదిలాయి. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నాకూ ఏడుపు వచ్చింది, కానీ ఆయన ఏడుపూ నా ఏడుపూ ఒకటి కాదు.

ఇంటికొచ్చి కార్డులన్నీ వెతికాను. వాటి మీద ఎన్నో పెళ్ళిళ్ళు తీసేశాను అప్పటికే. పోయిన ఫోటోలు తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే ఎవరివో తలంబ్రాలు సగం సగం వచ్చాయి. నోరు తెరిచి ఉన్న అక్క ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. దొరికినా ఏం చేసేవాణ్ణి, ఆ పెదాలను చూసి ఏ మాటో పోల్చుకోగలనా? అయినా వెతికాను.

ఆ ఏడు పత్తికట్టె నేనే మనుషుల్ని పెట్టి పీకించాను. వీలున్నప్పుడల్లా బావ దగ్గరికి పోతుంటాను. ఆయన టీ పెడతాడు, కల్లం దగ్గర మంచం వాలుస్తాడు. పంట గురించి, మోటర్ గురించి కాసేపు మాట్లాడుకుంటాం. నేను లేవబోయే ముందు ఆయన గొంతు తగ్గించి, మొహమాటపడుతూ అడుగుతాడు.

"ఆనాడు ఇంకేమన్నదిరా?"

నేను మళ్ళీ కూర్చుంటాను. అక్క ఏమని ఉంటుందో కాసేపు ఆలోచించుకుని, చెబుతాను.